నలభై ఐదు మందికి ఒక్క తాళం

ఎనిమిదో తరగతి గదిలో అడుగుపెట్టగానే "పాడ్డం ఎవరికి వచ్చురా?" అని అడగడం చాలామంది మాస్టార్లకి అలవాటు. నలుగురు చేతులెత్తుతారు. వాళ్ళెవరో క్లాసుకి ముందే తెలుసు: సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయి, చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు, ప్రతి జెండా పండక్కీ మైకు ముందు నిలబడే జంట. ఆ ఒక్క ప్రశ్నతో మిగతా 41 మందీ ఏడాది పొడుగునా శ్రోతలైపోతారు. అందుకే ఆ ప్రశ్న అడక్కండి. గొంతు ఉన్నవాళ్ళని ఏరడం మానేసి, ఆది తాళం ఎనిమిది అక్షరాల్లో (తాళంలో ఒక్కో లెక్కనీ అక్షరం అంటారు) ప్రతివాడికీ ఒక చోటు చూపించండి. ఒక్క అక్షరం మీద 'టప్'మనిపించేవాడూ, రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, స్వరాలు పరుగెత్తించేవాడూ ఒకే ఆవర్తనంలో, అంటే తాళం ఒక్క చుట్టులో, పడతారు.

ఇంకో మాట. మనవైపు పుట్టిన పెద్ద గాయకులని, శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణగారి పేరూ, రాజోలు వోలేటి వెంకటేశ్వర్లుగారి పేరూ చెప్పి కోనసీమ పిల్లల్ని ఉత్సాహపరుద్దామనుకుంటాం. మొదటి నెలలో అది పనిచెయ్యదండీ. "అంత మనవల్ల ఏమవుతుంది" అని ముడుచుకుపోతారు. ఆ పేర్లు దసరా తర్వాత చెప్పుకోవచ్చు.

లెక్క ఇలా వేసుకోండి. 45 మంది, వారానికి ఒక్క 40 నిమిషాల సంగీతం పీరియడు. జూన్ మధ్యలో బడి తెరిస్తే, అందరూ కలిసి పాడి వాయించాల్సిన ఆగస్టు 15కి తొమ్మిది వారాలు. వాన సెలవులూ, పరీక్షలూ, లెక్కల మాస్టారు లాక్కునే పీరియడ్లూ పోగా చేతికి దక్కేవి ఆరు. ఆరింట్లో అయ్యే పనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి రెండు పీరియడ్లలో స్వరం ఊసెత్తొద్దు, తాళం ఒక్కటే. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, దెబ్బ, తిప్పు (అరచెయ్యి పైకి), దెబ్బ, తిప్పు. వేళ్ళ లెక్క అందని పిల్లలు ప్రతి క్లాసులో ఐదారుగురు ఉంటారు. వాళ్ళని 1, 5, 7 మీద మాత్రం చప్పట్లు కొట్టమనండి. ఆది తాళంలో దెబ్బలు పడేది అక్కడే కాబట్టి వాళ్ళు వేస్తున్నదీ అసలు తాళమే. మూడో వారానికి వేళ్ళు వాటంతటవే వచ్చేస్తాయి.

తాళం నిలబడ్డాక నోటితో జతులు, అంటే లయకి పలికే మాటలు. అక్షరానికి ఒకటి చొప్పున "త క ధి మి త క ఝ ణు", ఆ తర్వాత అక్షరానికి రెండు. ఇక్కడితో ఆపేస్తే మాత్రం బాగా వచ్చినవాళ్ళు కిటికీలోంచి కొబ్బరిచెట్లు లెక్కపెడుతూ కూర్చుంటారు. వాళ్ళ కోసం ఒక తీర్మానం, అంటే మూడుసార్లు అని ముగించే జతి, ఇవ్వాలి. అందరికీ నోరు తిరిగేదీ, చివర్లో అందరూ ఒక్కసారి పడేదీ "తధిగిణతొం". ఇందులో ఐదు మాత్రలు (అక్షరంలో చిన్న భాగాన్ని మాత్ర అంటున్నాను). అక్షరానికి రెండేసి మాత్రలు వేసుకుంటే ఆవర్తనానికి 16. మొదటి అక్షరం, అంటే మొదటి దెబ్బ, నోరు మూసుకుని ఖాళీగా వదలాలి. అక్కడికి రెండు మాత్రలు పోయాయి. చిటికెన వేలు దగ్గర ఎత్తుకుని "తధిగిణతొం" మూడుసార్లు అంటే 15 మాత్రలు. మొత్తం 17. అంటే మూడో "తొం" సరిగ్గా తర్వాతి ఆవర్తనం సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద, పడుతుంది. ఆ "తొం"తో పాటు 45 మందీ బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాలి. అది సరిగ్గా పడిన రోజు క్లాసు మొహాలు చూడాలి!

ఇది చెడిపోయేది రెండు చోట్ల. మొదటిది, ఖాళీ వదలమన్న అక్షరం పిల్లలు వదలరు. సమం మీదే ఎత్తుకుంటారు, రెండు మాత్రలు ముందే ముగించేసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ అక్షరం మీద నోరు మూసి "హుమ్" అనిపించండి. ఉత్త నిశ్శబ్దం కంటే మూసిన నోరు పిల్లలకి బాగా గుర్తుంటుంది. రెండోది, రెండోసారి "తధిగిణతొం" మధ్య వేలు మీద కాకుండా ఆ అక్షరం సగంలో మొదలవుతుంది. అక్కడ చెయ్యి మాట వెంట పోతుంది, తాళం తప్పుతుంది. మూడోసారి "తధిగిణతొం" మళ్ళీ ఆఖరి దెబ్బ మీద నిక్కచ్చిగా మొదలవుతుంది. కనుక పిల్లలకి చెప్పాల్సింది ఇంతే: "మొదటిది చిటికెన వేలు, మూడోది ఆఖరి దెబ్బ, మధ్యలోది చేతిని నమ్ముకుని పోనివ్వండి." క్లాసుని రెండు సగాలు చేసి ఒక సగం తాళం, ఒక సగం మాట, తర్వాత మార్పిడి. రెండూ ఒకేసారి ఎవరు చేయగలుగుతున్నారో దానంతటదే తేలుతుంది. ఎవరినీ లేపి పరీక్షించక్కర్లేదు.

పక్క గదికి చప్పుడు గొడవ అయితే రెండు వేళ్ళతో అరచేతిలో కొట్టించండి. చెట్టు కిందకి తీసుకెళ్ళడం చూడ్డానికి బాగుంటుంది కానీ బయట గొంతులు గాల్లో కలిసిపోతాయి, పిల్లలు అరవడం మొదలుపెడతారు. దానికంటే వరండా నయం.

ఇక గొంతుల సంగతి. తలనొప్పంతా ఇక్కడే.

పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి. అంతా అయ్యేసరికి గొంతు దాదాపు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్నంత దూరం) కిందికి దిగుతుంది. ఈ మార్పు ఒక్క రోజులో జరగదు, అందరికీ ఒకేసారీ జరగదు. అందుకని ఒకే ఎనిమిదో తరగతిలో ఆడపిల్లల్లా పాడే కుర్రాడూ, తండ్రిలా మాట్లాడే కుర్రాడూ, ఈ రెంటి మధ్యా ఇరుక్కున్నవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. "గొంతు లేదు" అని మనం తీసి పక్కన పెట్టేది చాలాసార్లు ఆ మధ్యవాణ్ణే. శ్రుతి ఒకటి, అంటే హార్మోనియం మీద సి మెట్టు, పెట్టుకుంటే వాడికి హాయిగా పలికేది మంద్ర పంచమం (కింది స్థాయి ప) నుంచి మధ్య గాంధారం (మధ్య స్థాయి గ) దాకానే. దానికి మించి మనం అడిగినదల్లా వాడికి అపస్వరం కిందే వస్తుంది, క్లాసు నవ్వుతుంది, వాడు ఇక జన్మలో నోరు విప్పడు.

పొద్దున అసెంబ్లీలో జరిగేది చూడండి. జనగణమన షడ్జంతో (స) మొదలై, మంద్ర నిషాదం (కింది ని) దాకా దిగి, "జయహే" దగ్గర తార షడ్జం (పై స) అందుకుంటుంది. ముందు నిలబడ్డ అమ్మాయి తనకి అలవాటైన ఐదు శ్రుతిలో (జి మెట్టు) ఎత్తుకుందనుకోండి, "జయహే" దగ్గరికి వచ్చేసరికి సగం బడి పెదాలు మాత్రమే కదుపుతుంది. ఒకటికీ రెండుకీ మధ్య ఎత్తుకుంటే ఆడపిల్లలకి పైది అందుతుంది, గొంతు దిగిన కుర్రాళ్ళు ఒక స్థాయి కింద కలుస్తారు. ఎత్తుకునే అమ్మాయి చెవి దగ్గర ఫోన్‌లో శ్రుతి ఒక్క క్షణం వినిపిస్తే చాలు. ఇంత చిన్న సంగతి ఏ బడీ ఎందుకు పట్టించుకోదో నాకు అర్థం కాదు.

క్లాసులో గొంతుల్ని మూడు జట్లు చెయ్యండి. పేర్లు మాత్రం "మంచి గొంతు", "మామూలు గొంతు" అని పెట్టకండి. గోదారి, కాలువ, బోదె అనుకోండి. లోతుగా దిగినవాళ్ళు గోదారి, మధ్యలో ఉన్నవాళ్ళు కాలువ, సన్నగా పలికేవాళ్ళు బోదె. అందరికీ తెలిసిన పాట ఒక చరణం పాడిస్తూ వరసల మధ్య నడిస్తే ఐదు నిమిషాల్లో చెవికి తెలిసిపోతుంది. ఒక్కొక్కణ్ణీ లేపకండి. గొంతు మారితే జట్టు మారవచ్చని ముందే చెప్పండి. సెప్టెంబరు నాటికి బోదెలోంచి కాలువలోకి ఇద్దరు ముగ్గురు జారతారు, అదేం అవమానం కాదని అప్పటికి వాళ్ళకే తెలుసు.

అసలు ఏ స్వరానికీ కలవని పిల్లలుంటారు. వాళ్ళకి హార్మోనియం స్వరం ఇచ్చి "దీనికి కలుపు" అంటే కలవదు. తిరగెయ్యండి. నోరు మూసుకుని వాడికి ఇష్టమైన స్వరమేదో ఒకటి పట్టమనండి, మీరే హార్మోనియం మీద దాన్ని వెతికి కలపండి. రెండు ధ్వనులూ దగ్గరగా వచ్చి కలవనప్పుడు చెవిలో అలల్లా కొట్టుకుంటాయి; ఒకటైనప్పుడు ఆ కొట్టుకోవడం ఆగుతుంది. వాడు ఆ కలయిక మొదటిసారి వింటున్నాడు. అక్కణ్ణుంచి ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందికి. రోజుకి రెండు నిమిషాలు చాలు. వాణ్ణి వెనక బెంచీకి పంపకండి, గట్టిగా పాడేవాళ్ళని వాడి వెనక కూర్చోబెట్టండి. కలపాల్సిన స్వరం వెనకనుంచి చెవిలో పడుతూ ఉండాలి. ఇంకోటి: మాస్టారు మగగొంతుతో పాడి చూపిస్తే బోదె జట్టు ఆ గొంతునే పట్టుకోబోయి అడుగున గురగురలాడుతుంది. మేడం పాడి చూపిస్తే గోదారి జట్టు పైకి ఎగబాకబోతుంది. ఏ జట్టుకి ఆ జట్టులోని పిల్లే పాడి చూపించాలి.

రాగం విషయంలో నాతో పోట్లాడేవాళ్ళుంటారు. సరళీ వరుసలు, అంటే మొదటి స్వర పాఠాలు, మాయామాళవగౌళ రాగంలో నేర్పడం పురందరదాసులవారి నుంచి వస్తున్న పద్ధతి. గురువు ముందు ఒక్కడే కూర్చున్న శిష్యుడికి అంతకంటే మంచిది లేదు. 45 మంది ఉన్న గదిలో మాత్రం ఆ రాగంలోని శుద్ధ రిషభం (స పక్కనే ఉండే రి) నిలవదు. చెవి కుదరనివాళ్ళు దాన్ని చతుశ్శ్రుతి రిషభంలోకి (దానికి పై రి) ఎత్తేస్తారు, రెండు రిషభాలూ ఒకేసారి వినబడి గది కందిరీగల తుట్టెలా అయిపోతుంది. మోహన రాగంతో మొదలుపెట్టండి. స రి గ ప ద. పక్కపక్కన అర్ధస్వరం (హార్మోనియం మీద ఒక్క మెట్టు తేడా) లేదు కాబట్టి కొంచెం అటూ ఇటూ అయినా చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. మధ్య గొంతువాడికి మంద్ర ప, ద, ఆపైన స, రి, గ దొరుకుతాయి, ఐదూ వాడి పరిధిలోవే.

వాద్యాలకి డబ్బు ఎక్కడిదంటారా? ఆక్వా చెరువులున్న ఊళ్ళలో ప్లాస్టిక్ పైపు ముక్కలకి కొదవేం లేదు. లోపలి వ్యాసం 2.5 సెం.మీ. ఉన్న పైపు మూడు మీటర్లు, దానికి సరిపోయే మూతలు 12 తెచ్చుకుంటే మోహనలో రెండు సెట్లు వస్తాయి. ఒక చివర మూత బిగించిన పైపులో గాలి పలికే స్వరం దాని లోతుని బట్టి ఉంటుంది: లోతు తగ్గితే స్వరం హెచ్చుతుంది. 30 డిగ్రీల వేడిలో, శ్రుతి ఒకటికి, లోపలి లోతులు ఇవి: స 32.6 సెం.మీ., రి 28.9, గ 25.7, ప 21.5, ద 19, తార స 15.9. ఒక్కోటీ అర సెంటీమీటరు ఎక్కువే కొయ్యండి. రంపం పొట్టు పోను రెండు సెట్లకీ మూడు మీటర్లు బొటాబొటిగా సరిపోతుంది, కాబట్టి ఒక్క ముక్క కూడా తప్పు కొయ్యకూడదు. తర్వాత ఫోన్‌లో ట్యూనర్ చూస్తూ తెరిచిన చివరని ఆకురాయితో అరగదీసుకుంటూ రావాలి. మూతకి అప్పుడే జిగురు పెట్టొద్దు. పొట్టిగా కోసేసినా, మూతని కొంచెం బయటికి లాగితే లోతు పెరిగి స్వరం దిగుతుంది. శ్రుతి కుదిరాకే జిగురు. కోసిన అంచులు గరుకు కాగితంతో రుద్దకపోతే వేళ్ళు కోసుకుంటాయి.

వాయించేది నోటితో కాదు. మందపాటి రబ్బరు ముక్కతో తెరిచిన మూతి మీద 'టప్'మని కొట్టి వెంటనే ఎత్తెయ్యాలి. రబ్బరు అక్కడే ఉంచితే స్వరం చచ్చిపోతుంది. సగం పైపులు పలకడం లేదని పిల్లలు ఫిర్యాదు చేసేది దీనివల్లే. హవాయి చెప్పు దీనికి అద్భుతంగా పనికొస్తుంది కానీ వాడిన చెప్పు తేకండి. సంగీతానికి చెప్పు తగిలించారని సాయంత్రానికల్లా ఎవరి మామ్మగారో బడికి వచ్చేస్తారు. కొత్త రబ్బరు షీటు కొని అరచెయ్యంత ముక్కలు చేసుకోండి. పైపుల శ్రుతి ఎండని బట్టి కదులుతుంది, వేడెక్కితే హెచ్చుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సరిచేసినవి మధ్యాహ్నం హార్మోనియంతో పేచీ పెడతాయి. మీ పీరియడు ఏ పూటైతే ఆ పూటే సరిచెయ్యండి.

ఇప్పుడు ఈ రెండు వరసలు బోర్డు మీద రాయండి:

స రి గ ప | ద ప | గ రి ‖
సఁ ద ప గ | రి గ | రి , ‖

(సున్న పెట్టిన స పైది. కామా అంటే ఖాళీ. ఒంటి గీత తాళంలో ఒక భాగానికి, జంట గీత ఆవర్తనం ముగింపుకి.) ఒక పిల్లకి ఒక్క పైపు. స పైపు పట్టినవాడికి మొదటి వరసలో సమం మీద ఒక్క దెబ్బే, రెండో వరసంతా విశ్రాంతి. పై స వాడికి రెండో వరస సమం. గ, రి, ప వాళ్ళకి ఎక్కువ పని. నెమ్మదిగా నేర్చుకునే పిల్లలకి స ఇవ్వండి. వెతుక్కోనక్కర్లేదు, దెబ్బ పడిన చోటే వాడి చోటు. పైగా అది పడకపోతే అందరికీ తెలుస్తుంది కాబట్టి క్లాసంతా వాడి కేసి చూస్తుంది, వాడు కునుకు తియ్యడు. ఇదే వరసని పాడేవాళ్ళు పాడతారు, చురుకైనవాళ్ళు రెండో కాలంలో అక్షరానికి రెండు స్వరాల చొప్పున రెండుసార్లు పాడి సమానికి చేరుకుంటారు. ఐదో పీరియడుకి, పైపుల వాళ్ళనే తమ సొంత ఎనిమిది అక్షరాలు కట్టమనండి. షరతు ఒక్కటే, సమం మీద స గానీ ప గానీ ఉండాలి.

45 మందికీ నా పంపకం ఇది: పైపులు 12 మంది, కొబ్బరి చిప్పలు 10 జతలు, కోలాటం కర్రలు 6 జతలు, డప్పులు 2, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా 1, తాళం వేసి చూపించేవాళ్ళు 2, పాడేవాళ్ళు 12. చిప్పలు కోనసీమలో అడగాలే గానీ ఇంటికో బస్తా ఇస్తారు. పీచు గీకి, రెండు రోజులు ఎండబెట్టి, అంచు నున్నగా రుద్దితే 'టక్' అని ఖచ్చితంగా పలుకుతాయి. పచ్చివి మొద్దుగా మోగుతాయి, వారంలో బూజు పడతాయి. కర్రలు మూరెడు పొడుగు, బొటనవేలంత లావు.

డప్పు గురించి రెండు ముక్కలు. ఆషాఢం శ్రావణాల్లో మన గాలి తేమకి తోలు సడలిపోయి డప్పు 'బద్ బద్'మంటుంది. వాయించేవాళ్ళు గడ్డి మంట దగ్గర కాచుకుంటారు. బళ్ళో మాత్రం పిల్లల చేత మంట పెట్టించొద్దు. ఎండ ఉన్న రోజు కిటికీలో పెట్టండి, లేకపోతే ఫైబరు తోలు డప్పు వాడుకోండి. కంజీర (చేత్తో వాయించే చిన్న వాద్యం) కొంటే మేక తోలుదో ఫైబరుదో చూసుకోండి, ఉడుము తోలుది వద్దు. ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. రెండో ముక్క ఇంకా ముఖ్యం: డప్పు ఏ పేట పిల్లల చేతికి ఇస్తున్నారో క్లాసంతా గమనిస్తుంది. "మీకు బాగా వచ్చుగా" అని ఆ ఇద్దరికే ఎప్పుడూ ఇచ్చారంటే మీరు సంగీతం పాఠంలో ఇంకేదో పాఠం చెప్పినట్టు. వారం వారం చేతులు మార్చండి. దెబ్బ తెలిసిన పిల్లాడు చిర్రా చిటికెన పుల్లా (డప్పు కొట్టే రెండు పుల్లలు) పట్టడం మిగతావాళ్ళకి నేర్పాలి, అప్పుడు వాడు మాస్టారు.

వినికిడి తక్కువున్న పిల్లని నీళ్ళ డబ్బా దగ్గర, చెక్క బల్ల మీద చెయ్యి ఆనించి కూర్చోబెట్టండి. అదురు చేతికి అందుతుంది, తాళం వేసేవాళ్ళు కంటికి కనబడాలి. చప్పుడుకి బెదిరే పిల్లాడు గుమ్మం దగ్గర కూర్చుని తాళం వేసి చూపించే ఇద్దరిలో ఒకడు కావచ్చు. పట్టు లేని చేతికి మణికట్టున గజ్జెలు కట్టండి.

అన్నీ కలిపి వాయించగానే వచ్చే జబ్బు పరుగు. చప్పుడు పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. కోలాటంలో వేగం పెంచుకుంటూ పోవడం మన పిల్లలకి ఒంట్లో ఉన్న అలవాటు కూడా. మెట్రోనోమ్ (సమానంగా టిక్కుమంటూ వేగం చూపేది) నిమిషానికి 72 దగ్గర పెట్టి, వాయిస్తూనే ప్రతి అక్షరానికీ లోపల "తక" అనుకోమనండి. రెండు దెబ్బల మధ్య ఖాళీ నిండితే తొందర తగ్గుతుంది. జాతీయగీతానికి నిర్ణయించిన సమయం దాదాపు 52 సెకన్లు. మీ బళ్ళో అది 45కే అయిపోతోందంటే పరుగు జబ్బు అసెంబ్లీలోనే పట్టిందన్నమాట.

ఇక ఆగస్టు 15 పొద్దున. మైకు బాగా పాడే అమ్మాయి నోటి దగ్గర పెట్టకండి, మిగతా 44 మందీ బొమ్మలైపోతారు. రెండు మైకులు స్టాండ్ల మీద, పైపులకి ఒకటి, పాడేవాళ్ళకి ఒకటి, నాలుగడుగుల దూరంలో. డప్పులకీ చిప్పలకీ మైకు అక్కర్లేదు, వాళ్ళు వెనక వరస. సౌండు సిస్టం కుర్రాడితో ముందురోజే మాట్లాడండి: "తమ్ముడూ, ఎకో తీసెయ్" అని. పెళ్ళి పాటలకి పెట్టిన ఎకో అలాగే ఉంచితే మూడో "తొం" మూడుసార్లు మోగుతుంది, సమం ఎక్కడ పడిందో పిల్లలకే తెలియకుండా పోతుంది.